అమెరికా ఫెడరల్ జడ్జీ ఎలా అవుతారు? పేరు ఎంపిక నుంచి ప్రమాణం దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

హెచ్‌-4 వర్క్ పర్మిట్ మీదో, పుట్టుకతో వచ్చే పౌరసత్వం మీదో అమెరికా కోర్టు ఏదైనా తీర్పు ఇచ్చిందంటే చాలు, మనవాళ్ళలో అవే సందేహాలు మళ్ళీ మొదలవుతాయి. ఈ జడ్జిని ఎవరు వేశారు? ఎవరు తీసేయగలరు? నామినేట్ చేశారంటే జడ్జి అయిపోయినట్టేనా? అందుకే వీటన్నిటినీ ఒకచోట పెట్టాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాం కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు. ఒక్క సంగతి మాత్రం మొదట్లోనే చెప్పాలి. టీవీలో చూపించే సెనేట్ కమిటీ విచారణ ఈ ప్రయాణంలో సగం దారి దాటాక వచ్చేది. అసలు వడపోత అంతకు ముందే, కెమెరాలు లేనిచోట జరిగిపోతుంది.

## ముందుగా: ఏ జడ్జి గురించి మాట్లాడుతున్నాం

కాలిఫోర్నియాలో మన తెలుగావిడ జడ్జి అయ్యారు కదా, ఆవిడ ఫెడరల్ జడ్జేనా?

కాదు. 2024లో శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు జడ్జి అయిన జయ బాడిగ రాష్ట్ర న్యాయవ్యవస్థకు చెందినవారు. ఆమెను నియమించింది ఆ రాష్ట్ర గవర్నర్. రాష్ట్ర జడ్జీల ఎంపికలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. కొన్నిచోట్ల గవర్నర్ నియమిస్తారు, కొన్నిచోట్ల జనం ఓటేసి ఎన్నుకుంటారు. టెక్సస్‌లో అయితే పార్టీ గుర్తు మీదే పోటీ చేస్తారు. ఫెడరల్ జడ్జీలకు ఎన్నిక అన్నదే లేదు. అధ్యక్షుడు నామినేట్ చేయాలి, సెనేట్ ఆమోదించాలి. రాజ్యాంగం రెండో అధికరణం రెండో సెక్షన్ చెప్పేది ఇదే.

ఇమిగ్రేషన్ జడ్జి కూడా ఫెడరల్ ప్రభుత్వం మనిషే కదా, ఆయన్నీ సెనేట్ ఆమోదిస్తుందా?

లేదు. మనవాళ్ళు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. ఇమిగ్రేషన్ జడ్జి న్యాయశాఖ ఉద్యోగి. ఆయన్ను నియమించేది ఆ శాఖ అధిపతి అయిన అటార్నీ జనరల్. జీవితకాలపు రక్షణ ఆయనకు ఉండదు. డిపోర్టేషన్ కేసు ఆయన దగ్గర మొదలై బోర్డ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అప్పీల్స్‌కు వెళుతుంది. దాన్ని దాటి సర్క్యూట్ కోర్టుకు, అంటే ఫెడరల్ అప్పీల్స్ కోర్టుకు, వెళ్ళినప్పుడే అది సెనేట్ ఆమోదం పొందిన జడ్జీల ముందుకు వస్తుంది. ఇమిగ్రేషన్ అప్లికేషన్ ఏళ్ళ తరబడి కదలడం లేదు, అధికారులు దాన్ని తేల్చేలా ఆదేశించండి అని వేసే మాండమస్ కేసు మాత్రం నేరుగా ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టులోనే పడుతుంది.

మెజిస్ట్రేట్ జడ్జీలు, బ్యాంక్రప్సీ జడ్జీలు ఫెడరల్ కోర్టుల్లోనే కూర్చుంటారు కానీ వారికీ సెనేట్ ఓటు ఉండదు. మెజిస్ట్రేట్ జడ్జిని ఆ జిల్లాలోని డిస్ట్రిక్ట్ జడ్జీలే 8 ఏళ్ళకు నియమిస్తారు. బ్యాంక్రప్సీ జడ్జిని అప్పీల్స్ కోర్టు 14 ఏళ్ళకు నియమిస్తుంది.

మొత్తం ఎన్ని పదవులు ఉన్నాయి?

సుప్రీంకోర్టులో 9, అప్పీల్స్ కోర్టుల్లో 179, అంతర్జాతీయ వాణిజ్య కోర్టులో 9, డిస్ట్రిక్ట్ కోర్టుల్లో 670 పైచిలుకు. డిస్ట్రిక్ట్‌లు 94, అప్పీల్స్ కోర్టులు 13. ఈ సంఖ్య పెంచాలంటే కాంగ్రెస్ చట్టం చేయాలి. 2024లో 66 కొత్త డిస్ట్రిక్ట్ పదవులు సృష్టించే బిల్లు రెండు సభల్లోనూ నెగ్గింది. ఆ డిసెంబరులో అధ్యక్షుడు బైడెన్ దాన్ని వీటో చేశారు.

కనీస అర్హతలు ఏమిటి? లా డిగ్రీ తప్పనిసరా?

రాజ్యాంగంలో ఒక్క అర్హత కూడా రాసిలేదు. వయసు, డిగ్రీ, ప్రాక్టీసు, చివరికి అమెరికాలో పుట్టి ఉండాలన్న షరతు కూడా లేదు. 1941లో సుప్రీంకోర్టుకు వచ్చిన జేమ్స్ బర్న్స్ లా కాలేజీ గడపే తొక్కలేదు. ఇప్పుడు అలాంటి పేరు నిలవదు. చట్టంలో ఉన్నది ప్రధానంగా నివాస నియమం. డిస్ట్రిక్ట్ జడ్జి తన జిల్లాలో ఉండాలి. సర్క్యూట్ జడ్జి నియామకం నాటికి ఆ సర్క్యూట్ పరిధిలో నివసిస్తూ ఉండాలి. రాజధాని వాషింగ్టన్, న్యూయార్క్ కోర్టులకు కొన్ని మినహాయింపులు ఉన్నాయి.

## పేరు ఎలా పైకి వస్తుంది

నిజంగా అధ్యక్షుడే ఒక్కో జడ్జినీ ఎంచుకుంటాడా?

సుప్రీంకోర్టు విషయంలో అవును, స్వయంగా మాట్లాడి ఎంచుకుంటారు. అప్పీల్స్ కోర్టులకు వైట్‌హౌస్ కౌన్సెల్ కార్యాలయం పేర్లు వెతుకుతుంది, న్యాయశాఖలోని ఆఫీస్ ఆఫ్ లీగల్ పాలసీ వాటిని జల్లెడ పడుతుంది. డిస్ట్రిక్ట్ కోర్టుల దగ్గరికి వచ్చేసరికి పగ్గాలు చాలావరకు ఆ రాష్ట్ర సెనేటర్ల చేతిలో ఉంటాయి. ఖాళీ రాగానే వారు పేర్లు పంపుతారు. వైట్‌హౌస్ వాటిని ఒప్పుకోవచ్చు, వేరేవి అడగవచ్చు. సెనేటర్లు ఇద్దరూ అధ్యక్షుడి పార్టీ వారైతే పని త్వరగా అవుతుంది. చెరో పార్టీ అయితే బేరసారాలు నెలల తరబడి సాగుతాయి. కొన్ని ఖాళీలు ఏళ్ళ పాటు అలాగే పడి ఉండటానికి మూలం ఇదే.

మా అమ్మాయి ఇక్కడ పదేళ్ళుగా లాయరు. ఎక్కడ అప్లై చేయాలి?

ఫెడరల్ ఉద్యోగాల వెబ్‌సైట్‌లో ఈ పోస్టులకు ప్రకటన రాదు. మీ రాష్ట్ర సెనేటర్ కార్యాలయం వెబ్‌సైట్ చూడండి. చాలామంది సెనేటర్లు ఖాళీ వచ్చినప్పుడు దరఖాస్తులు పిలుస్తారు. విస్కాన్సిన్ వంటి చోట్ల సెనేటర్లు నియమించిన కమిషన్ ఇంటర్వ్యూ చేసి కొన్ని పేర్లు సిఫారసు చేస్తుంది. దరఖాస్తుతో పాటు వాదించిన కేసుల జాబితా, రాతల నమూనా, సాటి లాయర్లూ జడ్జీల పేర్లూ అడుగుతారు.

మరో దారి మెజిస్ట్రేట్ జడ్జి పదవి. దీనికి కోర్టు బహిరంగ ప్రకటన ఇచ్చి తీరాలి. బార్‌లో కనీసం 5 ఏళ్ళ సభ్యత్వం కావాలి. స్థానికులతో వేసిన ఎంపిక సంఘం పేర్లు వడపోసి కోర్టుకు ఇస్తుంది. రాజకీయ పరిచయాలు లేని మంచి లాయరుకు తెరిచి ఉన్న తలుపు ఇదేనని మా అభిప్రాయం. ఇక్కడి నుంచి డిస్ట్రిక్ట్ జడ్జిగా వెళ్ళినవారూ చాలామందే ఉన్నారు. పదేళ్ళ అనుభవం ఉన్నవారు మొదటే డిస్ట్రిక్ట్ పదవి మీద ఆశ పెట్టుకోవడం కంటే ఇది ప్రయత్నించడం మేలు.

బ్లూ స్లిప్ అంటే ఏమిటి? నిజంగా నీలం కాగితమేనా?

అవును, నీలం రంగు కాగితమే. అధ్యక్షుడు పేరు పంపాక సెనేట్ జ్యుడీషియరీ కమిటీ చైర్మన్ ఆ రాష్ట్రపు ఇద్దరు సెనేటర్లకూ ఈ ఫారం పంపుతారు. నామినీ తమకు సమ్మతమో కాదో దాని మీద రాసి వెనక్కి పంపాలి. ఇది రాజ్యాంగంలో లేదు, సెనేట్ నియమావళిలోనూ లేదు. సుమారు 1917 నుంచి వస్తున్న కమిటీ ఆనవాయితీ. కాబట్టి దీని బలమెంతో తేల్చేది అప్పటి చైర్మనే.

ఇప్పటి పద్ధతి ప్రకారం డిస్ట్రిక్ట్ కోర్టు నామినీకి ఇద్దరి కాగితాలూ రాకపోతే విచారణే పెట్టరు. అంటే ఒక్క సెనేటర్ ఏమీ మాట్లాడకుండా కాగితం తన దగ్గరే ఉంచుకుంటే చాలు, ఆ పేరు అక్కడే ఆగిపోతుంది. అప్పీల్స్ కోర్టు నామినీలకు ఈ అడ్డు 2018 నుంచి లేదు. ఆ ఏడాది విస్కాన్సిన్‌కు చెందిన మైకేల్ బ్రెనన్‌ను, ఆ రాష్ట్ర సెనేటర్ ఒకరు బ్లూ స్లిప్ ఇవ్వకపోయినా, ఏడో సర్క్యూట్‌కు ఆమోదించారు. సుప్రీంకోర్టుకు బ్లూ స్లిప్ లేదు. వాషింగ్టన్ డీసీకి సెనేటర్లే లేరు కాబట్టి అక్కడి కోర్టులకూ లేదు.

పేరు ప్రకటించే ముందు ఏమేం తనిఖీ చేస్తారు?

ఎఫ్‌బీఐ నేపథ్య విచారణ, పన్ను చెల్లింపుల పరిశీలన, ఆస్తి అప్పుల వివరాలు. పాత ఇళ్ళ పక్కవాళ్ళను, పాత యజమానులను, ఎదుటి పక్షం లాయర్లను కూడా ఎఫ్‌బీఐ అడుగుతుంది. అన్నిటికంటే బరువైనది సెనేట్ కమిటీ ప్రశ్నావళి. పని చేసిన ప్రతి చోటు, సభ్యత్వం ఉన్న ప్రతి సంఘం, రాసిన ప్రతి వ్యాసం, ఇచ్చిన ప్రతి ప్రసంగం చెప్పాలి. స్వయంగా నడిపిన కేసుల్లో ముఖ్యమైన 10 ఎంచి, ఒక్కోదానిలో తన పాత్ర ఏమిటో, ఎదుటి లాయరు ఎవరో, వారి ఫోన్ నంబరు ఏమిటో రాయాలి. ఇప్పటికే జడ్జిగా ఉన్నవారైతే పైకోర్టు కొట్టేసిన తమ తీర్పుల జాబితా ఇవ్వాలి.

ఎక్కువగా చిక్కు వచ్చేది తప్పు చేసినందుకు కాదు, చెప్పకుండా వదిలేసినందుకు. ఎప్పుడో కాలేజీ పత్రికకు రాసిన వ్యాసం, మారుపేరుతో పెట్టిన పోస్టులు, ఒక సంఘం సభలో మాట్లాడిన వీడియో విచారణకు రెండు రోజుల ముందు బయటపడితే, "ఇది ఎందుకు దాచారు" అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. జడ్జి కావాలనుకునేవారు ప్రసంగాలు, వ్యాసాల పట్టిక ఏళ్ళ ముందు నుంచే రాసి పెట్టుకోవడం మంచిది. పదిహేనేళ్ళ కిందటి ఆహ్వాన పత్రిక ఒక్క వారంలో దొరకదు.

అమెరికన్ బార్ అసోసియేషన్ రేటింగ్ తప్పనిసరా?

కాదు. ఐసెన్‌హోవర్ కాలంలో, 1953 నుంచి, ఆ సంఘం కమిటీ నామినీలను మూడు స్థాయిల్లో అంచనా వేస్తోంది: బాగా అర్హులు, అర్హులు, అనర్హులు. మామూలుగా కనీసం 12 ఏళ్ళ న్యాయవాద అనుభవాన్ని ఆశిస్తుంది. ఇది సలహా మాత్రమే. అనర్హులని రేటింగ్ వచ్చినా ఆమోదం పొందినవారు ఉన్నారు. 2025 మేలో న్యాయశాఖ ఆ సంఘానికి తమ నామినీల విషయంలో ప్రత్యేక సహకారం ఆపేసింది.

## కమిటీ దశ

విచారణలో ఏం అడుగుతారు? "దాని మీద మాట్లాడలేను" అని తప్పించుకుంటారెందుకు?

విచారణ మామూలుగా బుధవారం ఉదయం. ముందు అప్పీల్స్ నామినీ, తర్వాత డిస్ట్రిక్ట్ నామినీలంతా ఒకే బల్ల ముందు వరసగా కూర్చుంటారు. ప్రమాణం చేయించి మొదలుపెడతారు. ఒక్కో సెనేటర్‌కు సుమారు 5 నిమిషాలు. సుప్రీంకోర్టు నామినీకి మాత్రం విచారణ రోజుల తరబడి సాగుతుంది. తర్వాత రాతపూర్వక ప్రశ్నలు వస్తాయి. అవి పదుల సంఖ్యలో ఉండవచ్చు. అన్నిటికీ రాసి జవాబివ్వాలి.

కోర్టుల ముందున్న వివాదం మీద నామినీ అభిప్రాయం చెబితే, రేపు ఆ కేసు తన దగ్గరికి వచ్చినప్పుడు కక్షిదారు నిష్పాక్షికతను ప్రశ్నించవచ్చు. ఇప్పటికే జడ్జిగా ఉన్నవారిని ప్రవర్తనా నియమావళే అలా మాట్లాడనివ్వదు. కాబట్టి ఆ మౌనాన్ని తప్పుపట్టనవసరం లేదు. అయితే చట్టం గురించిన మామూలు ప్రశ్నకు జవాబు రాకపోతే అది వేరే సంగతి. 2017 డిసెంబరులో వాషింగ్టన్ డీసీ డిస్ట్రిక్ట్ కోర్టు నామినీ మాథ్యూ పీటర్సన్‌ను, నామినేట్ చేసిన పార్టీకే చెందిన సెనేటర్ జాన్ కెనడీ వరసగా అడిగారు: జ్యూరీ విచారణ ఎప్పుడైనా నడిపారా? సివిల్? క్రిమినల్? అన్నిటికీ లేదనే జవాబు. ఫలానా సాక్ష్యం జ్యూరీ ముందుకు రాకుండా విచారణకు ముందే వేసే "మోషన్ ఇన్ లిమినే" ఏమిటో కూడా సరిగా చెప్పలేకపోయారు. కొద్ది రోజుల్లోనే ఆయన తప్పుకున్నారు.

కమిటీ అజెండాలో పేరు ఉంది, కానీ ఓటు జరగలేదు. ఏదైనా గొడవా?

చాలాసార్లు ఏమీ ఉండదు. ఓటింగ్ సమావేశం సాధారణంగా గురువారం జరుగుతుంది. పేరు మొదటిసారి అజెండాకు వచ్చినప్పుడు ఏ ఒక్క సభ్యుడు కోరినా ఒక వారం వాయిదా వేస్తారు. దాదాపు ప్రతి నామినీకీ ఇది జరుగుతుంది. రెండో గురువారం చూడండి.

కమిటీలో ఓడిపోతే కథ ముగిసినట్టేనా?

నియమం ప్రకారం కాదు. కమిటీ అనుకూలంగా, ప్రతికూలంగా, లేదా ఏ సిఫారసూ లేకుండా పేరును సభకు పంపవచ్చు. 1991లో సుప్రీంకోర్టు నామినీ క్లారెన్స్ థామస్‌కు కమిటీలో 7-7 వచ్చింది. సిఫారసు లేకుండా సభకు వెళ్ళి 52-48తో నెగ్గారు. 1987లో మరో సుప్రీంకోర్టు నామినీ రాబర్ట్ బోర్క్ ప్రతికూల సిఫారసుతో వెళ్ళి 42-58తో ఓడిపోయారు. డిస్ట్రిక్ట్, అప్పీల్స్ నామినీలకైతే కమిటీలో బలం లేదని తెలిస్తే ఓటే పెట్టరు. ఫైలు అలాగే ఉండిపోతుంది.

## సెనేట్ సభలో

60 ఓట్లు కావాలా, 51 చాలా?

హాజరై ఓటేసినవారిలో సాధారణ మెజారిటీ చాలు. పదవికి ఆమోదం ఎప్పుడూ మెజారిటీతోనే. 60 అవసరమైంది చర్చ ముగించే క్లోచర్ తీర్మానానికి. దాన్ని కింది కోర్టుల నామినీలకు 2013 నవంబరు 21న డెమొక్రాట్లు, సుప్రీంకోర్టుకు 2017 ఏప్రిల్ 6న రిపబ్లికన్లు మెజారిటీకి తగ్గించారు. పాత వ్యాసాలు చదివి 60 అనుకునేవారు ఇప్పటికీ ఎక్కువే. ఓట్లు సమానమైతే ఉపాధ్యక్షుడి ఓటు తేలుస్తుంది. ఒక జడ్జి విషయంలో అలా జరగడం 2018 డిసెంబరులో జోనథన్ కోబ్స్‌తోనే మొదలు.

కమిటీ దాటాక కూడా ఎందుకింత ఆలస్యం?

సభ సమయం తక్కువ కాబట్టి. ఒక డిస్ట్రిక్ట్ నామినీ లెక్క చూడండి. మెజారిటీ నాయకుడు సోమవారం క్లోచర్ తీర్మానం పెడతారు. దాని మీద 16 మంది సెనేటర్ల సంతకాలు కావాలి. మధ్యలో ఒక రోజు వదలాలి, కాబట్టి ఓటు బుధవారం. అది నెగ్గాక డిస్ట్రిక్ట్ నామినీకి 2 గంటల వరకు చర్చ, అప్పీల్స్, సుప్రీంకోర్టు నామినీలకు 30 గంటల వరకు. తర్వాతే తుది ఓటు. 2019 ఏప్రిల్‌కు ముందు డిస్ట్రిక్ట్ నామినీకీ 30 గంటలే ఉండేవి.

ఒకప్పుడు డిస్ట్రిక్ట్ నామినీలను పదేసి మందిని కలిపి మూజువాణి ఓటుతో ఆమోదించేవారు. ఇప్పుడు దాదాపు ఒక్కొక్కరికీ విడిగా రెండు ఓట్లు జరుగుతున్నాయి. 2025 సెప్టెంబరులో కొన్ని ప్రభుత్వ పదవులకు గుంపుగా ఓటేసే వీలు కల్పించారు కానీ అది జడ్జీలకు వర్తించదు.

నామినేషన్ "అధ్యక్షుడికి తిప్పి పంపారు" అని ఉంది. తిరస్కరించినట్టా?

కాదు. సెనేట్ సమావేశాల ఏడాది ముగిసినా, 30 రోజులకు మించి విరామం తీసుకున్నా, తేలని నామినేషన్లన్నీ నియమం ప్రకారం వెనక్కి వెళ్ళిపోతాయి. అందరూ ఒప్పుకుంటేనే నిలుపుతారు. అధ్యక్షుడు అదే పేరును మళ్ళీ పంపవచ్చు. చండీగఢ్‌లో పుట్టిన శ్రీ శ్రీనివాసన్‌ను 2012 జూన్‌లో డీసీ సర్క్యూట్‌కు, అంటే రాజధానిలోని అప్పీల్స్ కోర్టుకు, నామినేట్ చేస్తే, 2013 జనవరిలో అలాగే తిరిగొచ్చింది. వెంటనే మళ్ళీ పంపారు. అదే ఏడాది మే 23న 97-0తో ఆమోదించారు. ముందు ఏడాది కదలని పేరుకు ఒక్క వ్యతిరేక ఓటూ పడలేదు!

మొత్తం ఎంతకాలం పడుతుంది?

గడువు ఏదీ లేదు. సెనేట్ అసలు పట్టించుకోకపోయినా అడిగే యంత్రాంగం లేదు. 2016 మార్చిలో ఒబామా సుప్రీంకోర్టుకు నామినేట్ చేసిన మెరిక్ గార్లండ్‌కు 293 రోజులు విచారణే పెట్టలేదు. 2020లో అదే కోర్టుకు ఏమీ కోనీ బారెట్ నామినేషన్ సెప్టెంబరు చివర సెనేట్‌కు చేరి, అక్టోబరు 26న 52-48తో ఆమోదం పొందింది. మామూలు డిస్ట్రిక్ట్ నామినీకి అన్నీ సజావుగా జరిగినా కొన్ని నెలలు వేసుకోండి. అది కూడా పేరు బయటికి రాకముందు జరిగిన వడపోత కాలం కలపకుండా.

సెనేట్ సెలవుల్లో ఉంటే అధ్యక్షుడు నేరుగా వేయవచ్చా?

రాజ్యాంగం వీలిస్తుంది. అలాంటి నియామకం సెనేట్ తర్వాతి సమావేశ కాలం ముగిసేదాకే చెల్లుతుంది. ఎర్ల్ వారెన్ 1953లో అలాగే ప్రధాన న్యాయమూర్తి పదవిలో కూర్చుని, తర్వాత ఆమోదం పొందారు. 10 రోజుల కంటే తక్కువ విరామం సాధారణంగా దీనికి చాలదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు సెనేట్ కొద్ది రోజులకోసారి నామమాత్రంగా కొలువుదీరి అంత విరామం రాకుండా చూసుకుంటోంది.

## ఆమోదం తర్వాత

ఓటు నెగ్గిన నిమిషం నుంచే జడ్జేనా?

ఇంకా రెండు మెట్లు ఉన్నాయి. అధ్యక్షుడు కమిషన్ పత్రం మీద సంతకం చేయాలి. తర్వాత రెండు ప్రమాణాలు చేయాలి: ఒకటి రాజ్యాంగానికి కట్టుబడతానని, రెండోది పేద ధనిక భేదం లేకుండా న్యాయం చేస్తానని. సీనియారిటీ లెక్క కమిషన్ తేదీ నుంచి. ఇద్దరిదీ ఒకే తేదీ అయితే వయసులో పెద్దవారు ముందు. ఆ పదవి ఇంకా ఖాళీ కాకపోతే, అందులో ఉన్న జడ్జి దిగేదాకా కొత్తవారు ఆగాలి.

నియమించిన అధ్యక్షుడి మాటే వింటారా? నచ్చకపోతే అధ్యక్షుడు తీసేయగలడా?

తీసేయలేడు, జీతమూ తగ్గించలేడు. రాజ్యాంగం మూడో అధికరణం సత్ప్రవర్తన ఉన్నంతకాలం పదవి ఇస్తుంది. తొలగించే దారి అభిశంసన ఒక్కటే. ప్రతినిధుల సభ అభియోగం మోపాలి, సెనేట్‌లో మూడింట రెండొంతుల ఓట్లు పడాలి. ఇంత చరిత్రలో అభిశంసనకు గురైన ఫెడరల్ జడ్జీలు 15 మంది. సెనేట్ దోషులుగా తేల్చి తొలగించింది 8 మందిని. చివరిది 2010లో లూసియానా జడ్జి థామస్ పోర్టియస్. తీర్పు నచ్చకపోతే చేయగలిగింది అప్పీలు.

ఇక విధేయత సంగతి. 2025 జనవరి 20న పుట్టుకతో వచ్చే పౌరసత్వాన్ని పరిమితం చేస్తూ ట్రంప్ సంతకం చేసిన ఉత్తర్వు హెచ్‌-1బీ మీద ఉన్న మన కుటుంబాలను ఎంత కలవరపెట్టిందో తెలిసిందే. దాన్ని మూడు రోజుల్లో మొదటగా ఆపింది సియాటిల్‌లోని జాన్ కఫ్‌నర్. ఆయన్ను 1981లో నియమించింది రిపబ్లికన్ అధ్యక్షుడు రేగన్. నియమించిన పార్టీని బట్టి ధోరణి కొంత ఊహించవచ్చు. తీర్పు ముందే తెలిసిపోయినట్టు మాట్లాడటం మాత్రం పొరపాటు.

సీనియర్ స్టేటస్ అంటే రిటైర్మెంటా?

కాదు, సగం దిగడం. 65 ఏళ్ళ వయసు, 15 ఏళ్ళ సర్వీసు ఉండాలి. వయసు పెరిగే కొద్దీ సర్వీసు షరతు తగ్గి, 70 ఏళ్ళకు 10 ఏళ్ళు చాలు. రెండూ కలిపి 80 కావాలి. జీతం వస్తూనే ఉంటుంది, తక్కువ కేసులు చూస్తారు, వారి తీర్పుకు విలువ ఏమాత్రం తగ్గదు. వారి స్థానం మాత్రం ఖాళీ అయినట్టే, అధ్యక్షుడు కొత్త పేరు పంపవచ్చు. అందుకే ఎవరి హయాంలో తప్పుకోవాలా అని జడ్జీలు చూసుకుంటారు. భారత హైకోర్టు జడ్జీలకు 62, సుప్రీంకోర్టు వారికి 65 అన్నట్టు అమెరికా ఫెడరల్ జడ్జీలకు వయోపరిమితి లేదు.

ఒక నామినీ ఏ దశలో ఉన్నారో నేనే ఎలా తెలుసుకోవాలి?

కాంగ్రెస్ డాట్ గవ్ సైట్‌లో నామినేషన్ల విభాగానికి వెళ్ళి ఇంటిపేరుతో వెతకండి. ప్రతి నామినేషన్‌కు పీఎన్ అక్షరాలతో మొదలయ్యే నంబరు ఉంటుంది. దాని కింద అందిన తేదీ, కమిటీకి పంపిన తేదీ, విచారణ, కమిటీ నివేదిక, ఎగ్జిక్యూటివ్ క్యాలెండర్ (సభ ముందుకు రావలసిన పేర్ల జాబితా) నంబరు, క్లోచర్, తుది ఓటు వరసగా కనిపిస్తాయి. తిప్పి పంపిన పేరు మళ్ళీ వస్తే నంబరు మారుతుంది కాబట్టి పాత పేజీ చూసి ఆగిపోయిందనుకోకండి. ప్రశ్నావళి, విచారణ వీడియో, రాతపూర్వక జవాబులు సెనేట్ జ్యుడీషియరీ కమిటీ సైట్‌లో దొరుకుతాయి. ఖాళీల పట్టిక యూఎస్ కోర్ట్స్ డాట్ గవ్‌లో, పదవిలో ఉన్నవారి కమిషన్ తేదీ, నియమించిన అధ్యక్షుడి పేరు ఫెడరల్ జ్యుడీషియల్ సెంటర్ జీవిత వివరాల పట్టికలో ఉంటాయి. అభిప్రాయం చెప్పదలచుకుంటే మీ సెనేటర్ కార్యాలయానికి ఫోన్ చేసి నామినీ పేరు, కోర్టు పేరు చెప్పండి. అది కమిటీ ఓటుకు ముందే చేయండి, సభలో ఓటు నాటికి ఎవరు ఎటో దాదాపు తేలిపోయి ఉంటుంది.